మజ్జిగ కూడా నీళ్ళేనట

“ఇయ్యను.”

“నేను నీళ్ళు అడగలేదు పెద్దమ్మా. మజ్జిగ అడిగినా.”

“ఆ మజ్జిగే ఇయ్యనంటున్నా. నెల రోజులుగా నన్ను ఎర్రిదాన్ని చేసినావు గదా సారూ.”

“నేనేం చేసినా? మీరు పోసినారు, నేను తాగినా.”

“మజ్జిగ కూడా నీళ్ళ లెక్కేనని నీకు తెలుసా తెలీదా? ముందు అది చెప్పు.”

ఆయన రోడ్డు వైపు చూశాడు. కంభం బస్సు మలుపు తిరుగుతోంది. అది ఆగేదాకా చూసి, “తెలుసు” అన్నాడు.

“తెలిసి తాగినావా?”

“తెలిసే తాగినా. మీ మజ్జిగ అట్ల ఉంటది మరి.”

“నన్ను పొగడబాకు. పొగిడితే పోస్తాననుకున్నావేమో, చెంచాడు కూడా పొయ్యను.”

“దప్పికతో వాకిట్లోకి వస్తే గొర్రెకైనా నీళ్ళు పెడతారు ఈ ఊళ్ళో.”

“గొర్రెకు డాక్టరు చీటీ రాసియ్యలేదు.”

పక్కన గ్లాసులు కడుగుతున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి ఆగిపోయాడు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. నవ్వితే రక్తం వచ్చేది.

ఈ గొడవ మార్కాపురం బస్టాండు బయట, చలివేంద్రం పందిట్లో జరిగింది. రోహిణి కార్తె. పొద్దున పది కూడా కాలేదు, అప్పటికే రోడ్డు మీద తారు మెత్తబడింది. మా వెనక ఎనిమిది కుండల నిండా నీళ్ళున్నాయి. ఆ కుండలు తెప్పించింది ఆయన. పందిరి వేయించింది ఆయన. ఆ పిల్లలందరినీ పోగేసింది ఆయన. కానీ ఆయన మాత్రం రోజు మొత్తానికి అర లీటరుకు మించి తాగకూడదు. మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి పోయి డయాలసిస్ చేయించుకోవాలి. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు, ఒంట్లోనే ఉండిపోతాయి. ఆయన్ని నీళ్ళకు దూరంగా ఉంచే పని నాకు అప్పజెప్పారు.

ఆయన పోయి ఏడాదయింది. మొన్న ఆదివారం మా మనవరాలితో కలిసి స్కౌటు పిల్లలు నలుగురు ఇంటికి వచ్చి, “ఈసారి చలివేంద్రంలో మజ్జిగ కూడా పెడదాం అవ్వా, నువ్వు చేసేదే బాగుంటది” అన్నారు. నేను లేచి లోపలికి పోయాను. అప్పటినుంచి ఆ మనిషి కళ్ళ ముందే తిరుగుతున్నాడు. నేను చదివింది నాలుగో తరగతి. ముప్పై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో పలకలకు చట్రాలు బిగించాను గానీ పలక మీద నేను రాసింది తక్కువ. అయినా నాకు తెలిసినంత రాస్తాను.

ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. లెక్కల సారు అని ఎవరూ అనేవాళ్ళు కాదు, ఊరంతటికీ స్కౌటు సారే. నలభై అయిదేళ్ళ మనిషి ఖాకీ నిక్కరు వేసుకుని, మోకాళ్ళ దాకా మేజోళ్ళు తొడుక్కుని, మెడలో రెండు రంగుల గుడ్డ కట్టుకుని బజారు మధ్యలో నడిచేవాడు. కూరగాయల దుకాణం వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన వాళ్ళకు సెల్యూట్ చేసి పోయేవాడు. కాళ్ళు సన్నం, మేజోళ్ళు నిలిచేవి కావు. మాట్లాడుతూ మాట్లాడుతూ వంగి మేజోడు పైకి లాక్కునేవాడు. కొన్నాళ్ళకు నేనొకటి గమనించాను. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మేజోడు జారినా పట్టించుకోడు, చిన్నపిల్లలు వచ్చి ఏదైనా చెప్పేటప్పుడే వంగుతాడు. అదేందని అడిగాను.

“వంగితే వాళ్ళ మొహం కనబడతది పెద్దమ్మా. ఊరికే వంగితే పిల్లలు బెదురుతారు. అందుకని మేజోడు.”

మొదటిసారి ఆయన మా ఇంటికి వచ్చిన రోజు కూడా మాకు గొడవే. మా మనవరాలు ఆరో తరగతి, స్కౌటులో చేరతానని ఒకటే గోల. ఆయన గడపలో నిలబడి దానికి చెయ్యి చాచాడు. ఎడమ చెయ్యి. ఇది కూడా ఎడమ చెయ్యే ఇచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

“ఏందయ్యా, సారువి అయ్యుండి పిల్లకు ఎడమ చెయ్యి ఇస్తావా?”

“స్కౌటులు ఎడమ చెయ్యే కలుపుతారు పెద్దమ్మా. గుండె ఇటు పక్కన ఉంటది గదా.”

“గుండె ఎటుంటే ఏమి? అన్నం తినే చెయ్యి కాదది.”

ఆయన రెండు చేతులూ జోడించి, “అయితే మీకు రెండూ” అన్నాడు. నేను పీట వేసి కూర్చోమన్నాను.

ఆ రోజే ఇంకో మాట చెప్పాడు. పిల్లను పంపితే సరిపోదు, పిల్లతోపాటు ఇంట్లోంచి ఒక పెద్ద రావాలి. అది ఆయన పెట్టుకున్న పద్ధతి. మా కొడుకు లారీ తోలుతాడు, కోడలు కుట్టుమిషను మీద నుంచి లేవదు. మిగిలింది నేను. నాకు పనుందన్నాను. “పని తెచ్చుకోండి” అన్నాడు. “చింతపండు గింజ తీసేది ఉంటే ఆడనే కూర్చొని తీసుకుందురు.”

అట్లా నేను గంపతో చింతపండు పట్టుకుని స్కౌటుల్లోకి పోయాను. స్కూలు మైదానంలో ప్రతి ఆదివారం పదిహేను ఇరవై కుటుంబాలు. తల్లులు ఒక పక్క, పిల్లలు ఒక పక్క తాడు పట్టుకుని గుంజేవాళ్ళు. తాతలకు విజిల్ ఆట. ఇంత గిన్నె కూడా లేకుండా మూడు రాళ్ళ మీద ఉల్లిగడ్డలు కాల్చి, పుల్లకు పిండి చుట్టి రొట్టె చేసేవాళ్ళు. సగం మాడేది. పారేయనివ్వకుండా నేను తినేదాన్ని. ఆట అయ్యాక అందరం కలిసి ఏదో ఒక పని చేసేవాళ్ళం. బస్టాండులో బెంచీలు కడగడం, ఆసుపత్రి ముందు గుంతలు పూడ్చడం, కంటిచూపు తగ్గిన ముసలివాళ్ళకు పింఛను కాగితం చదివి పెట్టడం. ఎవరైనా వచ్చి ఆయన్ని మెచ్చుకుంటే పక్కకు జరిగి వెనక ఉన్న పిల్లల్ని చూపించేవాడు, తనకేమీ సంబంధం లేనట్టు.

ఒక ఆదివారం ముడుల పోటీ పెట్టాడు. పిల్లలు పుస్తకంలో ముడులు ఒక్కొక్కటే వేస్తుంటే నాకు విసుగేసింది. గింజ తీయడం ఆపి లేచి, గడ్డిమోపు కట్టినట్టు తాడు ఒక కొసను కాలి కింద తొక్కి, ఒక్క చేత్తో ముడి బిగించి చూపించాను. చిన్నప్పుడు గొర్రెల వెంట తిరిగినదాన్ని, తర్వాత పలకల కట్టలు కట్టినదాన్ని. ఆయన వచ్చి ఆ ముడిని ఇటు లాగాడు, అటు లాగాడు. ఊడలేదు.

“దీని పేరేంది పెద్దమ్మా?”

“ముడికి పేరేంది? ముడి.”

మరుసటి వారానికి పిల్లలందరికీ అది వచ్చేసింది. దాన్ని పెద్దమ్మ ముడి అనేవాళ్ళు. నేను కోప్పడ్డాను గానీ ఇంటికొచ్చి కోడలికి చెప్పాను.

చలివేంద్రం పెట్టిన మొదటి ఏడు మళ్ళీ పోట్లాట. నీళ్ళు పోసే పని నాది. నేను గ్లాసు సగానికే పోసేదాన్ని. నిండా పోస్తే జనం రెండు గుక్కలు తాగి మిగతాది రోడ్డు మీద పారబోస్తారు. పెళ్ళి కాక ముందు, కాపురానికి వచ్చాక కూడా, బిందె నీళ్ళ కోసం గంటలకొద్దీ నడిచినదాన్ని. పారబోస్తే నా ప్రాణం ఒప్పదు.

“నిండా పొయ్యండి పెద్దమ్మా. సగం పోస్తే వాళ్ళు అడుక్కుంటున్నట్టు ఉంటది.”

“ఇంకా కావాలంటే ఇంకోసారి అడగమను.”

“అడగరు. సిగ్గుపడి పోతారు. అదే మీకు చెప్పేది.”

ఆ మాటకు నేను ఓడిపోయాను. నిండా పోయడం మొదలుపెట్టాను. మర్నాడు చూస్తే పందిరి పక్కన ఒక బకెట్టు పెట్టించి ఉన్నాడు. మిగిలిన నీళ్ళు అందులో పోస్తే సాయంత్రం పిల్లలు బస్టాండు గోడ వెంట నాటిన మొక్కలకు మోసేవాళ్ళు. నా మాట కూడా పడనివ్వలేదు. ఆయన అట్లాంటి మనిషి.

ఆ తర్వాతి కార్తీకంలో జబ్బు బయటపడింది. మూడు నెలలు కనబడలేదు. మా వైపు బోరు నీళ్ళే ఇట్లా చేస్తాయని కొందరన్నారు. డాక్టర్లు ఇందువల్ల అని ఏమీ చెప్పలేదట. మాఘంలో మళ్ళీ మైదానానికి వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు. ఎడమ చేతికి మణికట్టు పైన నరం ఉబ్బి తాడులా కనబడుతోంది. సూదులు గుచ్చడానికి వీలుగా ఆపరేషను చేసి రెండు నరాలు కలిపారట. ఆ చేతితో బరువు ఎత్తకూడదు, గట్టిగా పట్టుకోకూడదు. పిల్లలు వరసగా నిలబడి ఏ చెయ్యి ఇవ్వాలో తెలియక చూస్తున్నారు. ఆయన ఎడమ చెయ్యే చాచాడు.

“పట్టుకోబాకండి. వేలు ఆనించి చూడండి.”

మా మనవరాలు వేలు పెట్టి ఉలిక్కిపడింది. “సార్, లోపల తేనెటీగ ఉంది!”

ఆ రోజు పిల్లలందరూ ఆ జుమ్మనే చప్పుడును వేళ్ళతో చూశారు. నన్ను కూడా చూడమన్నాడు. నేను కుడిచేత్తో ముట్టుకున్నాను. చర్మం కింద ఏదో ఆగకుండా వణుకుతోంది. చెయ్యి వెనక్కి తీసుకుని చింతపండు ముందు కూర్చున్నాను. చాలాసేపు గింజ తీయలేదు.

ఉగాది తర్వాత ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. అంగన్‌వాడీ టీచరు, నన్ను అత్తా అని పిలుస్తుంది. చలివేంద్రం వద్దని ఎంత చెప్పినా ఆయన వినడం లేదని, ఇంట్లో పడుకోబెడితే ఇంకా పాడైపోతాడని, అందుకని ఒప్పుకున్నానని చెప్పింది.

“ఎనిమిది కుండల మధ్య కూర్చుంటాడు అత్తా. నాకు భయంగా ఉంది. మీరు తప్ప ఎవరూ ఆపలేరు. అందరూ జాలిపడి పోసేస్తారు. మీరు పొయ్యరు.”

మెచ్చుకుందో తిట్టిందో గానీ, అది నిజమే. ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది. ఏమి తినాలి, ఏమి తాగాలి అన్నీ అందులో ఉన్నాయంది. అక్షరాలు నల్లపూసల కంటే చిన్నవి. నా కళ్ళజోడుకు ఒక అద్దం పగిలి అప్పటికి ఏడాది. ఒక కన్నుతో కనబడుతోంది గదా, ఎందుకు ఖర్చని మార్పించలేదు. పైన పెద్ద అక్షరాల్లో ‘నీళ్ళు రోజుకు అర లీటరు’ అని ఉంది. అది చదివాను. కాగితం మడిచి పోపులడబ్బాలో పెట్టాను.

అప్పటినుంచి ఆయన సీసా నా దగ్గరే ఉండేది. మూతతో కొలిచి గంటకు ఇంత అని ఇచ్చేదాన్ని. ఆయన ఆ మూతెడు నీళ్ళను నోట్లో పెట్టుకుని వెంటనే మింగేవాడు కాదు. ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పేవాడు. ఎవరైనా బస్సు దిగి గటగటా గ్లాసు ఎత్తి తాగుతుంటే గొంతు వైపే చూసేవాడు. వాళ్ళ గొంతు కదిలినప్పుడల్లా ఆయన గొంతు కూడా కదిలేది. తాగినాయన గ్లాసు దించగానే, “ఇంకోటి పోస్తారు, తాగండి” అనేవాడు.

నేను గొర్రెల కాడికి పోయేటప్పుడు దప్పిక తెలియకుండా నున్నటి వాగు రాయి బుగ్గన పెట్టుకునేవాళ్ళమని చెప్పాను. మర్నాడే ఒక రాయి తెచ్చుకున్నాడు. కడిగి బుగ్గన పెట్టుకున్నాడు. పిల్లలు పందిరి వదిలి బస్సుల వైపు పోతుంటే విజిల్ ఊదబోయాడు. గాలి రాలేదు, రాయి విజిల్‌కు తగిలి టక్కుమంది. రాయి తీసి చేతిలో పెట్టుకుని విజిల్ ఊదాడు, మళ్ళీ రాయి నోట్లో వేసుకున్నాడు. రోజంతా ఇదే పని.

“సారూ, ఏదో ఒకటి మింగేస్తావు” అన్నాను.

“విజిల్ మింగితే నేనే మోగుతా పెద్దమ్మా. మీకు సులువు, యాడున్నా దొరుకుతా.”

ఆ నవ్వులో ఆయన నాలుక చూశాను. కాలిన మట్టిలా ఉంది. నా మనసు ఆగలేదు. నీళ్ళు ఇవ్వకూడదు. నీళ్ళు కాకుండా ఏమివ్వాలి? మా ఇళ్ళల్లో ఒంట్లో బాగలేదంటే మజ్జిగే. జ్వరమొస్తే మజ్జిగన్నం, వేడి చేస్తే మజ్జిగ, కడుపులో తిప్పితే మజ్జిగ. మజ్జిగను ఎవరూ నీళ్ళనరు. అది ఆహారం. మర్నాటి నుంచి చిన్న క్యాను నిండా చిక్కగా చిలికి, ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి, నిమ్మకాయ పిండి తెచ్చాను. మొదటి రోజు ఆయన ముందు పెద్ద గ్లాసు పెట్టినప్పుడు నా ముఖంలోకి చూశాడు.

“ఇది తాగొచ్చా పెద్దమ్మా?”

“ఇది నీళ్ళా? మజ్జిగ గదా. తాగు నాయనా.”

గ్లాసు తీసుకున్నాడు. మూడు గుక్కల్లో ఖాళీ చేశాడు. కళ్ళు మూసుకుని కాసేపు అట్లాగే ఉన్నాడు. ఆ రోజు నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. నెల రోజులు పోశాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మిగిలితే మూడోది. సీసాలో నీళ్ళు మాత్రం మూతతోనే. అర లీటరు దాటనిచ్చేదాన్ని కాదు.

ఆ నెలలోనే ఆయన మేజోళ్ళు జారడం మానేశాయి. కొత్తవి కొన్నాడనుకున్నాను. విప్పినప్పుడు పిక్కల మీద రబ్బరు పట్టీ లోతుగా దిగి గాడి పడి ఉండేది. అది కూడా చూశాను. చూసి, కాస్త ఒళ్ళు చేసినాడులే, మజ్జిగ పని చేస్తోంది అనుకున్నాను.

ఒకరోజు ఆయన భార్య మందులు ఇవ్వడానికి వచ్చి పందిట్లోనే ఆయనతో గొడవపడింది. డయాలసిస్‌కు పోయినప్పుడల్లా బరువు చూస్తారట. ఒక్కోసారి కిలోలకు కిలోలు పెరిగి ఉంటున్నాడట. “ఈడ అత్త మూతతో పోస్తోంది. మరి ఈ నీళ్ళన్నీ యాడివి? ఇంట్లో నేను నిద్రపోయినాక లేచి తాగుతుండావు గదా? దేవుడి మీద ఒట్టేసి చెప్పు” అంది. ఆయన తల వంచుకుని, “అప్పుడప్పుడు” అన్నాడు. ఆమె ఏడ్చింది. నేను కూడా ఆయన్ని తిట్టాను. బుద్ధి లేదా, పిల్లలకు చెప్పేవాడివి, ఇంట్లో దొంగతనంగా తాగుతావా అని పదిమంది ముందు తిట్టాను. ఆయన నా మాటలన్నీ విన్నాడు. ఆమె వెళ్ళిపోయాక వంగి మేజోడు లాక్కున్నాడు. అది జారి లేదు.

మొదట చెప్పిన మజ్జిగ గొడవకు ముందురోజు సాయంత్రం మా మనవరాలు పోపులడబ్బాలో మెంతులు వెతుకుతూ ఆ కాగితం తీసింది. దానికి ఏ కాగితం దొరికినా పైకి చదివే అలవాటు. నిలబడి చదువుకుంటూ పోయింది. ‘ద్రవాలు అంటే నీళ్ళు మాత్రమే కాదు. పాలు, టీ, మజ్జిగ, జావ, రసం, పుచ్చకాయ అన్నీ కలిపి లెక్క. ఉప్పు తగ్గించాలి. నిమ్మ, బత్తాయి మానాలి, గుండెకు...’

“ఆగు. మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివింది. అది చదువుతుండగానే దాని గొంతు చిన్నబోయింది. దానికీ తెలుసు గదా, క్యాను మోసేది అదే.

నేను పొయ్యి ముందు కూర్చుండిపోయాను. ఆ రాత్రి మజ్జిగ చిలకకూడదు అనుకున్నాను. అయినా పొద్దున్నే పెరుగు పులిసిపోతుందని చిలికాను. ఎందుకు చిలికావంటే నాకు తెలియదు. చేతులకు అలవాటు. పందిట్లో పెట్టేసరికి ఆయన అడిగాడు. అప్పుడు జరిగిందే ఆ గొడవ.

గొర్రె మాట అయ్యాక ఆయన గొంతు తగ్గించాడు.

“పెద్దమ్మా, కలలో కూడా నేను తాగలేను. గ్లాసు నోటి కాడికి వస్తది, ఎవరో గుంజుకుంటారు. ఎవరా అని చూస్తే మా ఇంటామె. ఇంక నుంచి మీరు కూడా వస్తారు.”

“ఇంట్లో ఆమె అట్ల ఏడుస్తుంటే, నేను అన్ని మాటలంటుంటే, ఎందుకు చెప్పలేదు సారూ? పెద్దమ్మ పోస్తోంది, అదే బరువు అని ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే మీరు మానేస్తారు గదా” అన్నాడు.

అంతే అన్నాడు. నన్ను కాపాడాలని చెప్పలేదో, మజ్జిగ పోతుందని చెప్పలేదో, ఇప్పటికీ తేల్చుకోలేను. రెండూ కావచ్చు. ఆయన్ని ఇంకొక్క మాట అడిగి ఉండాల్సింది. అడగలేదు, కోపంలో ఉన్నాను. కోపం ఆయన మీద కాదు. కానీ నాకు వచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో ఎప్పుడూ తెలిసేది కాదు, ఎదురుగా ఉన్నవాళ్ళ మీదే పడేది.

ఆ మజ్జిగ పారబోసి ఉంటే సరిపోయేది. నాకు చెయ్యి రాలేదు. చిక్కటి మజ్జిగ మట్టిపాలు చేయడం నేను పుట్టి ఎరగను. కంభం బస్సు దిగినవాళ్ళను పిలిచి, ఆయన కళ్ళ ముందే గ్లాసు గ్లాసుగా పోశాను. ఒకాయన తాగి మీసం తుడుచుకుని, “అమ్మా, ప్రాణం లేచొచ్చింది” అన్నాడు. స్కౌటు సారు లేచి పందిరి బయటికి పోయి, ఎండలో మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. మెడలో గుడ్డ చెమటకు తడిసి లేదు. ఆ ఎండలో అందరికీ చెమటలు కారుతున్నాయి, ఆయనకు లేవు. సీసా మూత నింపి మనవరాలితో పంపాను. తాగలేదు, తిప్పి పంపించాడు.

ఆ తర్వాత నాలుగో రోజున ఒంగోలు ఆసుపత్రిలో ఆయన పోయాడు. గుండె ఆగిందన్నారు. మజ్జిగ వల్ల అని ఎవరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు, ఎందుకంటే నేను ఎవరినీ అడగలేదు. పదకొండో రోజు పోతే ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుని, “మీరుండబట్టే ఈ ఎండాకాలం ఇంత దూరం లాగినాడు అత్తా” అని ఏడ్చింది. చెప్పాలనే పోయాను. నోరు తెరిచాను కూడా. ఆమె వెనక వాళ్ళ పిల్లలిద్దరూ నిలబడి ఉన్నారు. ఇప్పుడు చెప్తే ఆమెకు మిగిలేది ఏమిటి? రాత్రిళ్ళు దొంగతనంగా నీళ్ళు తాగాడని తాను తిట్టిన తిట్లన్నీ ఉత్తవేనని తెలుస్తుంది. చెప్పకపోతే అవి అట్లాగే ఉంటాయి. ఏది చేసినా ఆమెకే తగులుతుంది. తల ఊపి వచ్చేశాను. ఆ మర్నాడే కళ్ళజోడు అద్దం మార్పించాను. ఇప్పుడు చిన్న అక్షరాలు బాగా కనబడతాయి.

గొడవ జరిగిన మర్నాడు పొద్దున ఏమయిందో చెప్పి ఆపుతాను.

ఆయన రాడనుకున్నాను. ఆరున్నరకే వచ్చాడు. కాళ్ళకు చెప్పులున్నాయి. బూట్లు ఎక్కలేదట. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవయ్యాయి. నాకు సెల్యూట్ చేశాడు. నేను క్యాను తేలేదు. ఆయన చూసుకున్నాడు, అడగలేదు. ఒక్కొక్క కుండ పొట్టకు చేతి వెనక భాగం ఆనించి, చల్లబడిందా లేదా చూశాడు. రెండు కుండల్లో నీళ్ళు తక్కువున్నాయని పిల్లలకు చెప్పాడు. ఆ నాలుగు మాటలు చెప్పేసరికి ఆయాసం వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. వెనక్కి ఆనుకోలేకపోతున్నాడు. ముందుకు వంగి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకున్నాడు.

“ఆసుపత్రికి పోదాం రా నాయనా” అన్నాను.

“నా వంతు రేపు పెద్దమ్మా.”

“వంతు లేకపోయినా పోదాం.”

“కుండలు నిండనీ.”

మనవరాలు ఆయన భార్యకు ఫోను చేసింది. ఆమె బయలుదేరి నేరుగా ఆసుపత్రికి వస్తానంది. పిల్లల్లో ఒకడి తండ్రి ఆటో తెచ్చాడు. ఆయన లేవలేకపోయాడు. నేనూ, పిల్లల తల్లులు ఇద్దరూ చంకల కింద చేతులు వేసి లేపాం. ఎడమ చెయ్యి నలగకుండా మనవరాలు పట్టుకుంది. ఆటోలో కూర్చోబెట్టాక కాసేపు ఊపిరి తీసుకుని నన్ను పిలిచాడు. ఏదైనా అంటాడేమో, తిడతాడేమో అని దగ్గరికి పోయాను.

“ఏడున్నరకు గిద్దలూరు బస్సు వస్తది పెద్దమ్మా. ఈ రోజు సంత. జనం ఎక్కువ.”

“సరే నాయనా.”

ఆటో పోయింది. పిల్లలు కుండలు నింపారు. ఏడున్నరకు గిద్దలూరు బస్సు వచ్చింది. జనం ఎక్కువే. వరసగా నిలబడ్డారు. నేను గ్లాసులు నిండా పోశాను.